దుకాణం నాది, ప్రవేశం ఎవరిది? పౌరహక్కుల ఉద్యమ కాలంలో అమెరికాను చీల్చిన ఒక వాదం

ఉత్తర కరొలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలోకి వెళ్లి టూత్‌పేస్టు లాంటి చిల్లర సామాను కొన్నారు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నారు. తర్వాత అదే దుకాణంలో ఉన్న లంచ్ కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారు. నల్లవారికి ఇక్కడ వడ్డించేది లేదని జవాబు వచ్చింది. దుకాణం మూసేదాకా వారు అక్కడే కూర్చున్నారు, మర్నాడు మరింతమందితో తిరిగి వచ్చారు. రెండు నెలలు గడిచేసరికి ఈ బైఠాయింపులు దక్షిణాది రాష్ట్రాల్లో పదుల కొద్దీ పట్టణాలకు పాకాయి. జులై 25న ఆ కౌంటర్ దగ్గర నల్లవారికి తొలిసారి వడ్డించారు.

ఆనాటి పోరాటాన్ని మనం సాధారణంగా న్యాయానికీ అన్యాయానికీ మధ్య సూటిగా సాగిన పోరుగా చదువుకుంటాం. నైతికంగా అది అలాంటిదే. అయితే అప్పటి టీవీ చర్చలను, సెనేట్ ప్రసంగాలను, కోర్టు తీర్పులను వరుసగా చదివినవారికి ఒక వాదం పదేపదే ఎదురవుతుంది: బడి ప్రభుత్వానిది, బస్టాండు ప్రభుత్వానిది, అక్కడ సమానత్వం ఉండాల్సిందే, దుకాణం మాత్రం నాది, అందులోకి ఎవరిని రానివ్వాలో నా ఇష్టం. ఈ వాదాన్ని ముసుగు కప్పుకున్న ద్వేషమని ఒక్క మాటతో కొట్టిపారేస్తే అది ఎనభై ఏళ్లు ఎలా నిలబడిందో తెలియదు, దాన్ని ఓడించడానికి అమెరికా చట్టం ఎంత చుట్టుదారి పట్టాల్సి వచ్చిందో కూడా తెలియదు.

చిక్కు అంతర్యుద్ధం తర్వాత రాజ్యాంగంలో చేరిన 14వ సవరణ వాక్య నిర్మాణంలోనే ఉంది. చట్టం ముందు సమాన రక్షణను ఏ 'రాష్ట్రమూ' ఎవరికీ నిరాకరించరాదని అది చెబుతుంది. నిషేధం రాష్ట్రం మీద. మరి హోటలు యజమాని నిరాకరిస్తే? సత్రాలు, రవాణా వాహనాలు, నాటకశాలలు అందరికీ సమానంగా తెరిచి ఉండాలని అమెరికా కాంగ్రెస్ 1875లోనే ఒక చట్టం చేసింది. 1883లో సుప్రీంకోర్టు దాన్ని 8-1 తేడాతో కొట్టేసింది. ప్రైవేటు వ్యక్తి చేసే వివక్షను ఆపే అధికారం 14వ సవరణ కాంగ్రెస్‌కు ఇవ్వలేదని జస్టిస్ జోసెఫ్ బ్రాడ్లీ రాశారు. బానిసత్వం నుంచి బయటపడ్డ మనిషి ఏదో ఒక దశలో చట్టానికి ముద్దుబిడ్డగా ఉండటం మాని మామూలు పౌరుడిగా మారాలని కూడా ఆయన అన్నారు. బానిసత్వం రద్దై అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఒంటరిగా విభేదించిన జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ చూపించిన దారి వేరు. సత్రం నడిపేవాడు దారిన పోయే ఏ బాటసారినీ సరైన కారణం లేకుండా తిప్పి పంపడానికి వీల్లేదన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత న్యాయ సంప్రదాయం. ప్రజల కోసమని తలుపు తెరిచినవాడు ప్రజల పట్ల ఒక బాధ్యతను కూడా తలకెత్తుకున్నట్టే. నా దృష్టిలో ఈ మొత్తం వివాదంలో అసలు సమాధానం ఇదే. అయితే అది మైనారిటీ అభిప్రాయంగా మిగిలిపోయింది. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు బడుల్లో వేర్పాటును ఏకగ్రీవంగా తప్పుపట్టినప్పుడు కూడా 1883 తీర్పు చెక్కుచెదరలేదు, ఎందుకంటే బ్రౌన్ మాట్లాడింది ప్రభుత్వ బడుల గురించి. లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న విద్యార్థులు వెళ్లి తాకింది సరిగ్గా ఈ సరిహద్దును. పోలీసులు వారి మీద పెట్టిన కేసులు కూడా ఎక్కువగా ఆస్తి రక్షణ పేరిట పెట్టినవే, అంటే వెళ్లమన్నా వెళ్లకుండా పరాయి ఆస్తిలో ఉండిపోవడం అన్న నేరం.

దీని మీద దేశం ఎంత గందరగోళపడిందో చెప్పడానికి మాజీ అధ్యక్షుడు హారీ ట్రూమన్ ఒక్కరు చాలు. సైన్యంలో జాతి వేర్పాటును రద్దు చేస్తూ 1948లో ఉత్తర్వు ఇచ్చిన మనిషి ఆయన. 1960లో బైఠాయింపుల గురించి అడిగితే, తన దుకాణంలోకి వచ్చి ఎవరైనా అలా కూర్చుంటే బయటికి గెంటేసేవాడినన్నారు. ఆయనకు యువకుడిగా ఉన్నప్పుడు కాన్సస్ సిటీలో బట్టల దుకాణం నడిపిన అనుభవం ఉంది, బహుశా ఆ దుకాణదారుడే మాట్లాడి ఉంటాడు. అదే ఏడాది నవంబరులో ఎన్‌బీసీ టీవీలో మార్టిన్ లూథర్ కింగ్‌కూ, రిచ్‌మండ్ న్యూస్ లీడర్ పత్రిక సంపాదకుడు జేమ్స్ కిల్‌పాట్రిక్‌కూ మధ్య బైఠాయింపులు సమర్థనీయమా అన్న అంశంపై చర్చ జరిగింది. నచ్చిన చట్టాన్ని పాటిస్తాను, నచ్చనిదాన్ని ఉల్లంఘిస్తాను అనే హక్కును కింగ్ కోరుతున్నారని కిల్‌పాట్రిక్ ఎత్తిపొడిచారు. అన్యాయమైన చట్టాన్ని బహిరంగంగా, అహింసతో ఉల్లంఘించి, దానికి పడే శిక్షను స్వీకరించేవాడు నిజానికి చట్టం పట్ల గౌరవాన్నే చూపుతున్నాడన్నది కింగ్ వాదం. మాటల పోటీగా చూస్తే కిల్‌పాట్రిక్ తడబడలేదు. కానీ బ్రౌన్ తీర్పును రాష్ట్రాలు అడ్డుకోవచ్చన్న సిద్ధాంతాన్ని తన సంపాదకీయాల ద్వారా దక్షిణాది అంతటా ప్రచారం చేసింది ఈయనే. సుప్రీంకోర్టు మాట వినక్కర్లేదని రాష్ట్రాలకు చెప్పినవారు, దుకాణదారు మాట విని తీరాలని విద్యార్థులకు చెప్పారు.

ఆస్తి హక్కు వాదంలోని అసలు బోలు మరో చోట ఉంది. 'నా దుకాణం, నా ఇష్టం' అన్నవారికి నిజంగా ఇష్టానుసారం నడుచుకునే స్వేచ్ఛ ఉందా? అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగర నిబంధనలు చూడండి. తెల్లవారికీ నల్లవారికీ ఒకే గదిలో భోజనం పెట్టడం అక్కడ నేరం. పెట్టాలంటే ఇద్దరి మధ్య నేల నుంచి కనీసం ఏడు అడుగుల ఎత్తున సందు లేని అడ్డుగోడ ఉండాలి, వీధిలోంచి ఎవరి ద్వారం వారికి వేరుగా ఉండాలి. యజమాని మనసు మార్చుకుని అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడదామనుకుంటే జరిమానా అతనికే పడుతుంది. దక్షిణ కరొలినాలోని గ్రీన్‌విల్‌లో క్రెస్ దుకాణంలో కూర్చున్న పదిమంది నల్లజాతి యువతీయువకులకు పడిన శిక్షలను 1963 మే 20న సుప్రీంకోర్టు రద్దు చేసింది ఇలాంటి నగర నిబంధన కారణంగానే. వేర్పాటు పాటించమని నగరమే ఆజ్ఞాపించాక, యజమాని సొంత నిర్ణయమేదో, నగరం చేయించినదేదో విడదీయనక్కర్లేదని కోర్టు చెప్పింది. దశాబ్దాల తరబడి చట్టం బలవంతంగా నేర్పిన అలవాటును చివరికి వ్యక్తి స్వేచ్ఛ పేరుతో కాపాడబోయారు.

అలాంటి నిబంధనలేమీ లేని చోట ప్రశ్న మరింత కఠినమైంది. యజమాని పిలిస్తే పోలీసు వచ్చాడు, మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. ఇది రాష్ట్రం చేసిన పని కాదా? ఈ తర్కానికి ఆధారం ఉంది. నల్లవారికి ఇళ్లు అమ్మకూడదన్న ప్రైవేటు ఒప్పందాలను కోర్టులు అమలు చేయడం రాష్ట్రం చేసే వివక్షే అవుతుందని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. కానీ దీన్ని చివరిదాకా లాగితే, ఇంటికి ఎవరిని భోజనానికి పిలవాలన్న విషయంలో కూడా పోలీసు సాయం అడిగే హక్కు మనిషికి మిగలదన్న భయం న్యాయమూర్తులకు కలిగింది. బాల్టిమోర్‌లోని హూపర్స్ రెస్టారెంటులో బైఠాయించిన పన్నెండు మంది విద్యార్థుల కేసు 1964 జూన్‌లో తీర్పుకు వచ్చినప్పుడు కోర్టు మూడు ముక్కలై, మేరీలాండ్ చట్టాలు ఈలోగా మారాయన్న సాకుతో అసలు ప్రశ్నను దాటవేసింది. బ్రౌన్ తీర్పులో భాగస్వామి, స్వయంగా అలబామా మనిషి అయిన జస్టిస్ హ్యూగో బ్లాక్ ఈ కేసులో యజమాని పక్షాన నిలిచారు. ఆ విద్యార్థుల్లో రాబర్ట్ మ్యాక్ బెల్ అనే కుర్రవాడి పేరు మీదే ఆ కేసు చరిత్రకెక్కింది. 1996లో ఆయన మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

నల్లవారిలో కూడా ఈ పోరు మీద ఒకే మాట లేదు. విద్యార్థి ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన ఎల్లా బేకర్ 1960లోనే, వీరు కోరేది హాంబర్గర్ కన్నా ఎంతో పెద్దదని చెప్పాల్సి వచ్చింది. లంచ్ కౌంటర్లో చోటు, సినిమాహాల్లో చోటు, మరుగుదొడ్డిలో చోటు కోసం చేసేదాన్ని విప్లవమంటారా అని నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ 1963లో నిలదీశారు. అది తేలిగ్గా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. సమాన కౌంటర్ దగ్గర కాఫీ కొనే డబ్బు లేనివాడికి ఆ కౌంటర్ వల్ల ఒరిగేదేమిటని 1968లో మెంఫిస్ కార్మికుల ముందు కింగ్ సైతం అడిగారు. అయినా కౌంటర్ చిన్న విషయమని అనుకోవడం పొరపాటని నల్లవారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ నేత రాయ్ విల్కిన్స్ 1963 జులైలో సెనేట్ కమిటీ ముందు చెప్పిన మాటలు చదివితే అర్థమవుతుంది. దూర ప్రయాణానికి కారులో బయల్దేరిన నల్లజాతి కుటుంబం గురించి ఆయన సెనేటర్లను ఆలోచించమన్నారు: ఎక్కడ తింటారు, ఎలాంటి పరిస్థితుల్లో తింటారు, పిల్లలు మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్లాలి, రోజంతా బండి నడిపి అలసిపోయాక ఆగే చోటు ఉందా, లేక చుట్టాలో స్నేహితులో ఉన్న ఊరు వచ్చేదాకా నడుపుతూనే ఉండాలా? నల్లజాతి ప్రయాణికులను రానిచ్చే హోటళ్ల, పెట్రోలు బంకుల జాబితాలతో ఆ రోజుల్లో ప్రత్యేకంగా పుస్తకాలే అచ్చయ్యేవి.

1963 మేలో బర్మింగ్‌హామ్ వీధుల్లో బడిపిల్లల మీదికి పోలీసు కుక్కలను, ఫైరింజన్ల నీటి ధాటిని వదిలిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. జూన్ 11న అధ్యక్షుడు కెనెడీ టీవీలో మాట్లాడుతూ ఇది ప్రధానంగా నైతిక సమస్య అన్నారు. ఎనిమిది రోజులకు పౌరహక్కుల బిల్లు కాంగ్రెస్‌కు చేరింది. హోటళ్లు, రెస్టారెంట్లు, పెట్రోలు బంకులు, సినిమాహాళ్లకు సంబంధించిన రెండో భాగం మీదే అతి తీవ్రమైన చర్చ నడిచింది. నైతిక సమస్య అని ప్రకటించిన ప్రభుత్వమే ఆ భాగాన్ని ప్రధానంగా వాణిజ్యం మీద నిలబెట్టింది. రాష్ట్రాల మధ్య సాగే వ్యాపారాన్ని నియంత్రించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. దాన్ని ఆసరా చేసుకుంటే 1883 తీర్పు జోలికి పోనక్కర్లేదు. మరో లాభం కూడా ఉంది. సెనేట్ న్యాయ కమిటీకి అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన జేమ్స్ ఈస్ట్‌లాండ్. బిల్లు ఆయన చేతికి వెళితే తిరిగి రాదు. వ్యాపారానికి సంబంధించిన బిల్లయితే వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ వారెన్ మాగ్నసన్ నడిపే వాణిజ్య కమిటీకి పంపవచ్చు. అలాగే పంపారు.

బిల్లును సమర్థించిన వారిలోనే కొందరికి ఇది మింగుడుపడలేదు. కెంటకీ సెనేటర్ జాన్ షెర్మన్ కూపర్ ఆ ఇబ్బందిని సూటిగా చెప్పారు: ప్రజలకోసం తెరిచిన చోట సమానంగా మసలే హక్కు అంటూ ఉంటే అది పౌరసత్వం వల్ల వచ్చిన హక్కు, ఆ దుకాణంలో సరుకు పక్క రాష్ట్రం నుంచి వచ్చిందా లేదా అన్నదానితో దానికేం సంబంధం? మరోవైపు, యేల్ న్యాయశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ బోర్క్ ఆ ఏడాది ఆగస్టులో రాసిన వ్యాసంలో, జాతి వివక్ష అసహ్యకరమైనదే అయినా, ఇష్టం లేనివారితో వ్యవహరించమని మనిషిని బలవంతపెట్టే సూత్రం అంతకన్నా వికృతమైనదని వాదించారు. 1973లో ఆయన ఆ అభిప్రాయాన్ని వదులుకున్నారు. చర్చంతా చివరికి మిసెస్ మర్ఫీ అనే ఊహాజనిత వితంతువు చుట్టూ తిరిగింది. సొంతింట్లో నాలుగు గదులు అద్దెకిచ్చి బతికే ఆవిడను కూడా ఫెడరల్ ప్రభుత్వం శాసిస్తుందా? యజమాని నివాసముండే ఇంట్లో అద్దె గదులు అయిదుకు మించకపోతే చట్టం వర్తించదన్న మినహాయింపు అలా చేరింది. ఇది నాకు సహేతుకంగానే తోస్తుంది. ఇల్లెక్కడ ముగుస్తుందో, బజారెక్కడ మొదలవుతుందో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఆ గీతను కనీసం బాహాటంగా గీశారు.

బిల్లును ఆపడానికి దక్షిణాది సెనేటర్లు 1964 మార్చి 30 నుంచి రోజుల తరబడి ప్రసంగాలు సాగించి సభను స్తంభింపజేస్తున్న సమయంలోనే రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్ నగరానికి వెళ్లారు. తన సోషలిస్టు పార్టీకి హైదరాబాద్‌లో పునాది వేసిన లోహియా అప్పటికి లోక్‌సభ సభ్యుడు. మే చివరిలో మారిసన్ కెఫెటేరియాలో ఆయనకు ప్రవేశం నిరాకరించారు. మర్నాడు ఆయన తిరిగి వెళ్లి అరెస్టయ్యారు. అమెరికా విదేశాంగ శాఖ విచారం తెలిపింది. 1955లో హూస్టన్ విమానాశ్రయం రెస్టారెంటులో భారత రాయబారి గగన్‌విహారీ మెహతాను వేరుగా కూర్చోమన్నప్పుడు కూడా ఇలాగే క్షమాపణలు వెలువడ్డాయి. సొంత పౌరులైన నల్లవారికి మాత్రం అలాంటి క్షమాపణ ఎవరూ చెప్పలేదు. లోహియా కావాలనే రెండోసారి వెళ్లడంలోని అర్థం నాకు ఇక్కడే కనిపిస్తుంది: విదేశీ అతిథిగా దొరికే మినహాయింపు ఆయనకు అక్కర్లేదు.

జూన్ 10న ఆ ప్రసంగాలకు తెరదించే తీర్మానం 71-29తో నెగ్గింది. మెదడులో కణితితో మాట పడిపోయిన కాలిఫోర్నియా సెనేటర్ క్లేర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో సభకు తీసుకొచ్చారు. పేరు పిలిచినప్పుడు ఆయన నోరు పెగల్లేదు. చెయ్యెత్తి కంటిని చూపించారు. ఇంగ్లీషులో కన్ను అనే మాటా, సభలో సమ్మతి తెలిపే మాటా ఒకేలా పలుకుతాయి గనక ఆయన ఓటు అనుకూలంగా నమోదైంది. ఏడు వారాల తర్వాత ఆయన మరణించారు. వ్యతిరేకంగా ఓటేసిన అరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ 1957, 1960 పౌరహక్కుల చట్టాలను సమర్థించినవారే. తన అభ్యంతరం హోటళ్లు, ఉద్యోగాల భాగాలకే పరిమితమని, వాటికి రాజ్యాంగంలో ఆధారం లేదని చెప్పారు. అది ఆయన నిజాయితీగా నమ్మిన మాటే కావచ్చు. కానీ నవంబరులో అధ్యక్ష పదవికి పోటీచేసినప్పుడు సొంత రాష్ట్రం కాక ఆయన గెలిచినవి అయిదే అయిదు, అవన్నీ దక్షిణాది నడిబొడ్డునున్న రాష్ట్రాలు. మిసిసిపీలో 87 శాతం ఓట్లు పడ్డాయి. సిద్ధాంతాన్ని ఎవరు ఏ ఉద్దేశంతో ప్రతిపాదించినా, దాన్ని అందిపుచ్చుకునేవారి అవసరం వేరుగా ఉంటుంది.

జులై 2న, కెనెడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ ఆ బిల్లు మీద సంతకం చేసిన కొద్ది గంటల్లోనే, అట్లాంటాలో 216 గదుల మోటెల్ యజమాని, స్వయంగా వకీలు అయిన మోర్టన్ రోల్‌స్టన్ కోర్టుకెక్కారు. నల్లవారికి గది ఇవ్వమని తనను నిర్బంధించడం అంటే బానిసత్వాన్ని నిషేధించిన 13వ సవరణకు విరుద్ధంగా తనచేత వెట్టిచాకిరీ చేయించడమేనన్నది ఆయన వాదనల్లో ఒకటి. బానిసల విముక్తి కోసం పుట్టిన వాక్యాన్ని వారి మనవలను గుమ్మంలోంచి వెళ్లగొట్టడానికి వాడారు. డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని తిరస్కరించింది. మోటెల్‌లో దిగేవారిలో సుమారు 75 శాతం బయటి రాష్ట్రాలవారు గనక వాణిజ్య అధికారం వర్తించడంలో ఇబ్బంది రాలేదు. అదే రోజు తేలిన బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ కేసు అంత తేలిక కాదు. అది 220 సీట్ల కుటుంబ హోటలు, వచ్చేవారు స్థానికులు. పనివాళ్లు 36 మందిలో మూడింట రెండు వంతులు నల్లవారే. వాళ్లు లోపల వంట చేయవచ్చు, నల్లజాతి గిరాకీ పొట్లం కట్టించుకుని పోవచ్చు, బల్ల దగ్గర కూర్చోవడమే కుదరదు. గడచిన ఏడాదిలో ఆ హోటలు కొన్న సుమారు లక్షన్నర డాలర్ల సరుకులో 69,683 డాలర్ల మాంసం, అంటే 46 శాతం, స్థానిక వర్తకుడి ద్వారా వేరే రాష్ట్రాల నుంచి వచ్చిందే. హోటలు చట్టం పరిధిలోకి వచ్చింది ఆ మాంసం ఆధారంగానే. ఒక్క హోటలు ప్రభావం చిన్నదే అయినా అలాంటివన్నీ కలిస్తే రాష్ట్రాల మధ్య వ్యాపారం దెబ్బతింటుందని కోర్టు తేల్చింది.

నల్లజాతి మనిషి బల్ల దగ్గర కూర్చునే హక్కు మాంసం ఏ ఊరి నుంచి వచ్చిందన్న లెక్క మీద నిలబడటం న్యాయమూర్తుల్లో ఇద్దరిని కలవరపెట్టింది. మనుషుల హక్కును వాణిజ్యం మీద మాత్రమే ఆధారపరచడానికి మనసొప్పడం లేదని జస్టిస్ డగ్లస్ వేరే తీర్పు రాశారు. ఈ చట్టం అసలు ఉద్దేశం మానవ గౌరవాన్ని నిలబెట్టడమేనని జస్టిస్ గోల్డ్‌బర్గ్ రాశారు. వారి మాట చట్టం కాలేదు.

మన రాజ్యాంగం చదివినవారికి ఈ చుట్టుదారి వింతగా అనిపిస్తుంది. దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి ప్రవేశాన్ని మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరూ అడ్డుకోరాదని 15(2) అధికరణం నేరుగా ప్రైవేటు వ్యక్తులకే చెబుతుంది. 'దుకాణం' పరిధి ఎంతని రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చినప్పుడు, సేవ కోరి వచ్చిన ఎవరికైనా దాన్ని అందించడానికి యజమాని సిద్ధపడిన చోటల్లా దుకాణమేనని 1948 నవంబరులో అంబేద్కర్ వివరించారు. హార్లన్ ఒంటరిగా చెప్పినది ఇక్కడ మూల శాసనమైంది. రాసుకున్నంత మాత్రాన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదని తెలుగు పల్లెలకు తెలుసు. కానీ బాధితుడు కోర్టులో తన గౌరవం గురించి మాట్లాడవచ్చు, సరుకు లారీల గురించి మాట్లాడనక్కర్లేదు.

అమెరికాలో చట్టం ఫలితం త్వరగానే కనిపించింది. పెద్ద హోటళ్లు, గొలుసు దుకాణాలు నెలల్లోనే దారికొచ్చాయి, వాటిలో కొన్నిటికి పోటీదారు కూడా నల్లవారికి తలుపు తెరవక తప్పదన్న ధైర్యమే కావలసింది. 1965 వలస చట్టం తర్వాత అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు ఏ ఊళ్లోనైనా మోటెల్ గది అడగగలగడం వెనుక ఈ రెండో భాగమే ఉంది, ఎందుకంటే అది జాతి, రంగు, మతంతోపాటు మూలదేశాన్ని కూడా చేర్చింది. అయినా అందులోని ఖాళీలు అలాగే ఉన్నాయి. తినుబండారాల కౌంటర్ లేని మామూలు బట్టల దుకాణం ఈ భాగం పరిధిలోకి రాదు. వివక్షకు గురైనవారు ఒప్పందాల సమానత్వం గురించి 1866లో చేసిన పాత చట్టాన్ని ఆశ్రయించాలి. ప్రైవేటు క్లబ్బులకు మినహాయింపు ఉంది గనక ఆర్కన్సాలో ఒక వినోద స్థలం పాతిక సెంట్లకు సభ్యత్వం అమ్మి క్లబ్బునని చెప్పుకుంది, 1969లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. జాక్సన్ నగరమైతే అందరినీ దిగనివ్వడం కన్నా తన ఈత కొలనులను మూసేయడమే మేలనుకుంది. 1971లో అదే కోర్టు 5-4 తేడాతో ఆ మూసివేతను సమర్థించింది.